ఊకలో ఐసు

“కాస్త ఆ గంప అటు జరుపుతారా అండీ? చేపల వాసనొస్తోంది,” అంది కీర్తిప్రియ, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని.

ధవళేశ్వరంలో ఎక్కి పక్కన కూర్చున్న ఆవిడ నొచ్చుకోలేదు. గంపను తన కాళ్ళ మధ్యకు లాక్కుంది.

రాజమండ్రి నుంచి భీమవరం వెళ్ళే ఆర్టీసీ బస్సు అది. రెండువేల మూడు, మే నెల. ఎండ నిప్పులు చెరుగుతోంది. కీర్తిప్రియ ఒళ్ళో థర్మాకోల్ పెట్టె. భీమవరంలో ఆమె పరిశోధన చేస్తున్న ల్యాబ్ కోసం హైదరాబాదు నుంచి రైల్లో వచ్చిన పార్సిల్. రైలు బాగా ఆలస్యమైంది.

బొబ్బర్లంక ఇవతల బస్సు కూడా ఆగిపోయింది.

“ఇంజను వేడెక్కిందండీ. వెనక బస్సు వచ్చేదాకా ఆగాల్సిందే,” అన్నాడు కండక్టర్.

కీర్తిప్రియ పెట్టె మూత తీసి చూసింది. లోపల డ్రై ఐస్ ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

“ఏంటమ్మా అందులో? అంత కంగారు పడుతున్నారు?” అంది గంప ఆవిడ.

“చల్లదనం పోతే చచ్చిపోతుందండీ!”

“ప్రాణమున్నదా?”

కీర్తిప్రియకి ఏడుపులోనూ నవ్వొచ్చింది.

“ప్రొటీన్ అండీ. ఫాస్ఫటేజ్ అంటారు. మనిషి ఒంట్లో ఉండేదే. దీన్ని మాత్రం బాక్టీరియా చేత తయారుచేయించారు. ఒంట్లో ఇన్సులిన్ పనికి ఇది అడ్డుపడుతుంది. దీన్ని ఆపే మందు దొరికితే షుగర్ వాళ్ళకి మేలు. ఇది పాడైతే మళ్ళీ తెప్పించేసరికి మా పరిశోధన మూసేస్తారు.”

ఆవిడ శ్రద్ధగా వింది.

“చిన్నపిల్లలక్కూడా పనికొస్తుందా అమ్మా?”

“లేదండీ. పెద్దవాళ్ళకొచ్చే షుగర్‌కే. పిల్లలకొచ్చేది వేరు. వాళ్ళకి ఇన్సులిన్ సూది తప్ప దారి లేదు.”

ఆవిడ కాసేపు గోదావరి వైపు చూసింది.

“పోనీలెండి. ఎవరో ఒకళ్ళకి బాగవుతుంది కదా.”

గంప మీది గోనె తీసింది. లోపల ఊకలో కప్పిన ఐసు దిమ్మ. కండక్టర్ దగ్గర ఇనపరాడ్డు అడిగి పగలగొట్టింది. ముక్కలన్నీ కడిగి పెట్టెలో నింపేసింది.

“అయ్యో, మరి మీ చేపలకి?”

“నా సంగతి నేను చూసుకుంటాలెండి. మూత గట్టిగా పెట్టండి.”

ఇంతలో వెనక బస్సు వచ్చింది. కీర్తిప్రియ పెట్టె పట్టుకుని పరుగెత్తింది. ఆ తొందరలో ఒక్క మంచిమాట కూడా చెప్పలేదు. “ఎండ జాగ్రత్త, నూకరత్నం!” అని కండక్టర్ ఆవిడతో అనడం మాత్రం చెవిన పడింది.

ల్యాబ్‌లో గైడ్ మంజుష గారు సీసాలోంచి ఒక్క చుక్క తీసి పరీక్షనాళికలో వేశారు. రంగులేని ద్రవం మెల్లగా పసుపుపచ్చకు తిరిగింది.

“బతికే ఉంది కీర్తీ!”

వానలు పడేనాటికి ఇంకో మంచి కబురు. ఒక చెట్టు బెరడు రసం కలిపితే ఆ పసుపు రాలేదు. ప్రొటీన్ పని ఆగింది. మందు కావడానికి ఇంకా చాలా దూరముంది. అయినా దారి కనిపించింది.

“ముందు ఆ చేపలావిడకి చెప్పి రా,” అన్నారు మంజుష గారు.

కీర్తిప్రియ ఆ బస్సు కండక్టర్ దగ్గర ఆవిడ ఊరు కనుక్కుని, బొబ్బర్లంకలో అడుగుతూ వెళ్ళింది. ఏటిగట్టు పక్క రేకుల ఇల్లు. అరుగు మీద నూకరత్నం అత్తగారు రత్తమ్మ వల బాగుచేస్తోంది.

“నూకరత్నం గారున్నారా అండీ? బస్సులో నాకు ఐసిచ్చారు. పాపం, వ్యాపారం పాడుచేసుకుని మరీ ఇచ్చారు.”

రత్తమ్మ చేతులు ఆగాయి.

“నువ్వేనా అమ్మా! ఆ ఎండలో మళ్ళీ ధవళేశ్వరం దాకా నడిచెళ్ళి ఇంకో దిమ్మ తెచ్చుకుంది. ఇప్పుడూ అక్కడికే వెళ్ళింది.”

“అన్ని చేపలమ్ముతారా?”

“చేపలేంటమ్మా! మావాళ్ళు పట్టినవి రేవులోనే కొనుక్కుపోతారు. దానికి బేరమాడటమే రాదు.”

స్కూలు సంచీతో ఓ పిల్ల ఎగురుకుంటూ వచ్చింది. “నానమ్మా, సూదేసుకుని అన్నం తినేస్తా!” అంటూ, గుమ్మం పక్కనున్న ఐసు కుండలో చెయ్యి పెట్టి చిన్న సీసా తీసింది.

ఆ సీసా మీది పేరు కీర్తిప్రియకి బాగా తెలుసు. ఇన్సులిన్.

“మా మనవరాలు వీరవేణి. పాలపళ్ళు ఊడకముందు నుంచీ ఈ సూదే,” అంది రత్తమ్మ.

చిన్నపిల్లలక్కూడా పనికొస్తుందా అని బస్సులో ఆవిడ అడగడం కీర్తిప్రియకి గుర్తొచ్చింది. తన బిడ్డకు పనికిరాదని విని కూడా, ఆ బిడ్డను బతికించే మందు కోసం తెచ్చుకున్న ఐసంతా పరాయి పెట్టెలో పోసిన తల్లి నూకరత్నం.