ఐసు డబ్బాలో తోడు

ల్యాబులో ఉన్నది ఒక్కటే బల్ల. ఆ ముసలావిడ వచ్చి కూర్చోగానే హైమావతి ఆ కొసకు జరిగిపోయింది.

హైమావతికి లూపస్. కాపలా కాయాల్సిన రక్తమే ఒంటిమీదకు తిరగబడే జబ్బు. దానికి తోడు ఇప్పుడు మూడో నెల. నెలనెలా రక్తంలో కాంప్లిమెంటు అనే లెక్క చూడాలి. అది పడిపోతే జబ్బు లేచినట్టేననీ, అప్పుడు కడుపు నిలపడం కష్టమనీ డాక్టరమ్మ ముందే చెప్పింది.

ఇస్నాపూర్‌లో తీసిన రక్తాన్ని ల్యాబు చిన్నరాములు ఐసు డబ్బాలో పెట్టుకుని పరీక్షకు బస్సులో హైదరాబాదు తీసుకెళ్లేవాడు.

ముసలావిడ పేరు మొగులమ్మ. ల్యాబు మెట్ల పక్కన ఆకుకూరలు అమ్ముతుంది. హైమావతి వచ్చినప్పుడల్లా తనూ లోపలికొచ్చి రక్తం ఇచ్చేది. ఏం రోగమో ఏమో, అంటుకునేదైతే? కడుపులో బిడ్డ పడ్డాక లేని భయాలన్నీ పుట్టుకొస్తాయి.

"ఎన్నో నెల బిడ్డా?" అని మొగులమ్మ అడిగితే, హైమావతి వినపడనట్టు గోడవైపు చూసింది.

తన బుగ్గల మీది ఎర్రమచ్చలు చూసి జనం పక్కకు జరిగినప్పుడు ఏడ్చిన మనిషే ఇలా చేసింది. తన దాకా వస్తే గానీ తెలియదంటారు. తెలిసినా మరిచిపోతాం.

మే నెలలో లెక్క ఒక్కసారిగా పడిపోయింది. కడుపు తీయించుకోక తప్పదేమోనంది డాక్టరమ్మ. హైమావతికి అన్నం సయించలేదు. అంతలో చిన్నరాములు ఇంటికొచ్చి, మళ్లీ రక్తం తీయాలన్నాడు. ఈసారి అంతా బాగుంది. దేవుడి దయ అనుకుంది.

పాప పుట్టింది. మూడు నెలల పిల్లను ఎత్తుకుని, మిఠాయి డబ్బాతో ల్యాబుకు వచ్చింది హైమావతి. మెట్ల పక్కన కూరల గంప లేదు.

మొగులమ్మ పోయిన నెల నిద్రలోనే పోయిందని చెప్పాడు చిన్నరాములు.

"అయ్యో పాపం. ఇంతకీ ఆవిడకేం రోగం?"

"ఆమెకు ఏ రోగం లేకుండె మేడం. దారిల ఎండకు మీ రక్తం ఖరాబైతే, జబ్బే లేసిందనుకుంటరు. గందుకే రోగం లేనోళ్ల రక్తం గూడ అదే డబ్బాల పంపాలె. మే నెలల ఆమె లెక్క గూడ పడిపోయింది. గప్పుడే ఎరుకైంది, తప్పు ఐసుది, మీ రక్తానిది కాదని."

హైమావతి పాపను గుండెకు హత్తుకుంది.

"ఆవిడను ఎవరు అడిగారు?"

"ఎవలం అడగలే. గట్ల రక్తమిచ్చే మనిషి దొరుకుతలేడని నేను పరేషాన్ల ఉంటే, ఆమెనే వచ్చి చెయ్యి చాపింది. 'కడుపుతోనున్న పిల్లను ఒక్కదాన్ని ఊరు దాటనియ్యం, దాని రక్తాన్ని ఒక్కదాన్నెట్ల తోలుతవ్‌రా? నాది తోడు పెట్టు' అన్నది."