ఎత్తి పోసిన కూర

"ఎడంగా నిలబడు ముసలోడా! పళ్లెం కింద పెట్టి వెనక్కి జరుగు" అని కసిరాడు కొత్త వంటవాడు.

ముసలాయన పళ్లెం నేల మీద పెట్టి వెనక్కి జరిగాడు. వంటవాడు గరిటె అడుగుదాకా ముంచి, ఎత్తు నుంచి కూర పోశాడు. వరుసలో ఉన్న ఖైదీలు "అదీ పద్ధతంటే!" అని మెచ్చుకున్నారు.

మరుగుదొడ్లు కడిగేవాడికి అంతకంటే మర్యాదేముంటుంది? ఆ జైల్లో అడుగుపెట్టగానే నేరం కంటే ముందు కులం అడుగుతారు. చెప్పినదాన్ని బట్టి ఒకడికి గరిటె, ఒకడికి చీపురు. ముసలాయన ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పట్నుంచీ చీపురే. నడుం ఎప్పుడో పడిపోయింది.

పళ్లెం పట్టుకుని గోడవారకి నడుస్తుంటే వార్డరు పక్కకి పిలిచాడు.

"ఆ వంటవాడు మీ ఊరివాడేనటగా?"

"అవునయ్యా."

"వాడు చెప్పిన కులం అబద్ధమని నాకు అనుమానంగా ఉంది. నిజం చెప్పు. రేపట్నుంచి నిన్ను తోటపనికి మారుస్తా. మొక్కలకి నీళ్ళు పెట్టుకుంటూ నీడపట్టున ఉండొచ్చు."

తోటపని! ముసలాయనకి ప్రాణం లేచొచ్చింది. అక్కడ కంపు ఉండదు, బకెట్లు మోసే పని ఉండదు.

"అబద్ధమని తేలితే అతన్నేం చేస్తారయ్యా?"

"ఇన్నాళ్ళూ వాడి చేతి కూడు తిన్నందుకు ముందు ఖైదీలే చితక్కొడతారు. ఆ తర్వాత నీ చీపురు వాడికొస్తుంది. అయినా వాడి మీద నీకు జాలేమిటోయ్? కుక్కకి పెట్టినట్టు పెడుతున్నాడుగా!"

ముసలాయన వంటశాల వైపు చూశాడు. వంటవాడు గరిటె పట్టుకుని ఇటే చూస్తున్నాడు. చూపులు కలవగానే తల తిప్పేసుకున్నాడు.

"వాళ్ళది పెద్ద కులమేనయ్యా. మా నీడ పడితేనే ఇంతెత్తున లేచేవాళ్ళు."

"ఛీ, నీ ఖర్మ! పోయి ఆ చీపురే పట్టుకో" అని విసుక్కుంటూ వార్డరు వెళ్ళిపోయాడు.

చేతిదాకా వచ్చింది కాస్తా జారిపోయింది. ముసలాయనకి ఏడుపొక్కటే తక్కువ. గోడవారన కూలబడి పళ్లెం ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎప్పటిలాగే మంచి ముక్కలన్నీ అతనికే పడ్డాయి. కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

కొడుకు చేతికి అచ్చం వాళ్ళమ్మ రుచే వచ్చింది.