గిన్నెడు రొయ్యలు

దేవుడు మనుషులందరికీ ఒకేలాంటి కడుపు ఇచ్చాడు కదా, మరి పైదేశాలవాళ్ళు వద్దన్న సరుకు మనకెలా అరుగుతుంది? రాజోలు దగ్గర రొయ్యల చెరువు తవ్వించిన నాటి నుంచీ బుచ్చిరాజుగారిది ఇదే సందేహం.

ఈసారి అది ఆయన మెడకే చుట్టుకుంది. రొయ్యలు పట్టే ముందు తీసిన నమూనాలో నిషేధించిన మందు బయటపడింది. ఎగుమతి కంపెనీ దీపక్ వచ్చి చెప్పేశాడు.

"కొనే దేశం చట్టం ప్రకారం ఆ మందు ఆనవాలు కూడా ఉండకూడదండి. ఎలా వచ్చిందో తేలకపోతే మీ చెరువు పేరు కొట్టేస్తారు. ఇంక ఎప్పటికీ కొనరు."

మేత కాక బుచ్చిరాజుగారు చెరువులో చల్లింది ఒక్కటే, అబ్బులు దుకాణంలో కొన్న బలం పొడి. అబ్బులేమో అందులో ఏ మందూ లేదని అమ్మవారి మీద ఒట్టేశాడు.

మర్నాడు బుచ్చిరాజుగారు అబ్బుల్ని భోజనానికి పిలిచారు. దీపక్ పక్కనే విస్తరి వేయించారు. ఆయన భార్య సూర్యకుమారిగారు రొయ్యల ఇగురు వడ్డించారు.

"కంపెనీవాళ్ళు వద్దన్నాక రొయ్యలు మనమే తినాలి కదయ్యా. కానియ్," అన్నారు బుచ్చిరాజుగారు.

అబ్బులు చెయ్యి గాల్లోనే ఆగింది. "ఇవాళ సోమవారమండి."

"పోయిన సోమవారం మా అరుగు మీదే కోడికూర లాగించేవు."

"ఆయ్. ఆ మర్నాడే మొక్కుకున్నానండి."

"పోనీ ఒక్క రొయ్య?"

"ఒంటికి పడదండి. దురద."

"దురదకి మీ దుకాణంలో మందుండదాండీ?" దీపక్ అమాయకంగా అడిగాడు.

"పోన్లెండి, బలవంతం ఎందుకు? వండింది పారేస్తే పాపం, నేను తినేస్తాను." సూర్యకుమారిగారు ఇగురు గిన్నె దగ్గరకు లాక్కుని అన్నంలో కలిపారు. ముద్ద నోటిదాకా వెళ్ళింది.

"తినకండమ్మగారూ." అబ్బులు విస్తరి ముందు నుంచి సగం లేచాడు. "పొడిలో ఆ మందు కలిపింది నేనేనండి. కాస్తేనండి."

దీపక్ ఫోన్ బయటకు తీశాడు. "ఆ మాట ఇంకోసారి చెప్పండి."

అబ్బులు తల వంచుకుని ఇంకోసారి చెప్పాడు.

సూర్యకుమారిగారు ముద్ద నోట్లో పెట్టుకుని తృప్తిగా నమిలారు.

"భయపడకు అబ్బులూ, ఎప్పుడో మీ ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు నా దగ్గర పుచ్చుకున్న గిన్నెడు రొయ్యల బదులు తీర్చేస్తానంటూ, మీ ఇంట్లోకని నువ్వు ఏ మందూ తగలకుండా పెంచుకుంటున్న గుంటలోంచి పట్టి, మీ ఆవిడ చిన్నతల్లి పొద్దున్నే ఇచ్చి వెళ్ళినవి ఇవి."