బొంతలు కట్టిన గది

ముదిమిలో నేర్చుకున్న అక్షరాలు. ఒత్తులు తప్పితే మన్నించండి. చెయ్యి కూడా నిదానం.

బోధన్‌లో తారాబాయి ఇంటి పక్క గదిని కిరాయికి తీసుకున్న రాజారాం, వచ్చిన రోజే తలుపుకీ కిటికీకీ బొంతలు కట్టేశాడు.

బయట ఎండలు మండిపోతున్నాయి. అయినా లోపల ఫ్యాన్ ఆపేసేవాడు.

తారాబాయికి ఇది మింగుడు పడలేదు.

"ఏం పని జేస్తవు తమ్మీ?"

"గొంతు పని అక్కా," అన్నాడు గుసగుసగా, బుగ్గన పటికబెల్లం పెట్టుకుని.

అంతకు మించి ఎవరికీ చెప్పొద్దని పని ఇచ్చినవాళ్లు అన్నారట.

మధ్యాహ్నాలు ఆ గదిలోంచి ముసలివాడి దగ్గు, ఆడమనిషి ఏడుపు, పసిపిల్ల గారాలు లీలగా వినిపించేవి. ఒకే మాట మళ్ళీ మళ్ళీ.

బయటికి వచ్చేది మాత్రం అతనొక్కడే.

పక్కింటి జ్యోతిరాణి బీడీలు చుట్టే చేట పక్కన పెట్టింది.

"గా గొంతులు బాణామతి అక్కా, చేతబడి. బావను పైలంగ సూసుకో."

తారాబాయి ఇంట్లోని మంచం వైపు చూసింది.

ఆమె భర్త పోశన్న పక్షవాతంతో మంచాన పడ్డాడు. మాట పోయింది. సాయంత్రం టీవీలో బొమ్మలే మనుషుల్లా మాట్లాడే కుటుంబం సీరియల్ వస్తేనే అన్నానికి నోరు తెరిచేవాడు.

ఏళ్ల తరబడి వస్తున్న సీరియల్ అది. అందులో కోడళ్లతో కయ్యమాడే బొమ్మ తాత మాట్లాడితే చాలు, పోశన్న కడుపు ఊగేలా నవ్వేవాడు. ఆ నవ్వులోనే తారాబాయి ముద్దలు పెట్టేది. లేకపోతే గోడవైపు తిరిగిపోయేవాడు.

ఈమధ్య ఆ తిండి కూడా తగ్గింది. కిరాయిదారు వచ్చాకే తగ్గిందని జ్యోతిరాణి చెప్పింది.

ఆ రోజు పొద్దున్నుంచీ కరెంటు లేదు. పోశన్న మెతుకు ముట్టలేదు. మధ్యాహ్నం పక్క గదిలో మళ్ళీ ముసలి దగ్గు మొదలైంది.

తారాబాయి వెళ్లి తలుపు బాదింది.

"నేను బీడీలిచ్చి వచ్చేసరికల్ల నువ్వు ఈడ ఉండద్దు."

"ఏం తప్పు జేసిన అక్కా?"

"నీ నోట్ల ఎంతమంది ఉన్నరో నాకెర్క లేదు. నా ఇంట్ల ఉన్న ఒక్కన్ని నాకు ఉండనియ్యి."

అతను ఏదో చెప్పబోయి, పక్కనే తెరిచిన తలుపులోంచి పోశన్న మంచం వైపు చూసి ఆగిపోయాడు. బొంతలు విప్పడం మొదలుపెట్టాడు.

జ్యోతిరాణిని కాపలా ఉంచి, బీడీల గంప ఎత్తుకుని కార్ఖానాకు వెళ్లింది తారాబాయి. అక్కడ ఆమెకు కాలు నిలవలేదు.

తిరిగి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. గది ఖాళీ. అతనెక్కిన ఆటో నిజామాబాద్ రోడ్డు పట్టి చాలాసేపయిందట.

కరెంటు ఇంకా రాలేదు. టీవీ నల్లగా ఉంది.

మంచం పక్కన కంచం మాత్రం ఖాళీ. పోశన్న గడ్డానికి పప్పు అంటుకుని ఉంది. కళ్లలో నవ్వు ఇంకా పోలేదు.

"వాడు పెట్టింది తిన్నడా? ఏం పెట్టిండే?" తారాబాయి కంచం ఎత్తి చూసింది.

జ్యోతిరాణి తలెత్తలేదు.

"నువ్వొండిన పప్పే అక్కా. కరెంటు లేదు గదా, మంచం కాడ కూసోని ఈయాల్టి సీరియల్ మొత్తం తానే జేసిండు. అవ్వ, కోడండ్లు, పోరగాండ్లు, అందరు. గిన్నేండ్ల సంది బావను నవ్వించి తినిపిస్తున్న గా బొమ్మ తాత గొంతు గాయనదేనంట."

గంగుబాయి, వయసు అరవై ఏడు, ప్రస్తుతం కందకుర్తి.