చివరి పదహారు పేజీలు

తెల్లవారినప్పటి నుంచి ముసురు. బైండరు అట్టలకు పూసిన జిగురు ఆరడం లేదు. రిటైరైన హెడ్ కానిస్టేబులు మాత్రం వేళకే వచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. బైండింగుకిచ్చిన రెండు పాత పుస్తకాల కోసం పదిరోజులుగా ఇదే వరస.

రెండూ చచ్చాక ఎవరెక్కడికి పోతారో చెప్పే కథలే. ఒకదాంట్లో పాపి ఆఖరి ఘడియలో ఏడిస్తే స్వర్గం. రెండోదాంట్లో ఎంత ఏడ్చినా నరకమే. ఎవరికి అన్యాయం చేశాడో ఆ మనిషి ఎదుట ఒప్పుకోనిదే వదలరు.

“మొదటిదే మేలురా. డాక్టరు ఇంక నెలే అన్నాడు. ఇంకొకడి గుమ్మం ఎక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు. ఏడవడమైతే మంచంలోనే కానిచ్చేయొచ్చు.”

“చిన్న పొరపాటైంది హెడ్డుగారూ. రెండూ ఒకే సైజు కదా, చివరి పదహారు పేజీలు అటూ ఇటూ మార్చి కుట్టేశాను. మీ ఏడుపు పాపి ఇప్పుడు నరకంలో ఉన్నాడు.”

“నీ చేతులు పడ! విప్పరా.”

“పాత కాగితం. విప్పితే పొడైపోతుంది.”

హెడ్డు కుర్చీని బైండరు దగ్గరకు జరుపుకున్నాడు.

“నీమీద నేను కేసు రాసిన ఆ సైకిలు నువ్వెత్తుకుపోలేదని నాకా రోజే తెలుసురా,” అన్నాడు.

బైండరు దారం కొరికి తెంపాడు.

“జైల్లో ఆరునెలలూ నాకు నేర్పింది ఈ పనే. అక్కడ నేర్చినవాడు పేజీలు మార్చి కుట్టడండీ. మీ పుస్తకాలు సరిగ్గానే ఉన్నాయి.”

“దొంగవెధవా!” అని హెడ్డు నాలుక కరుచుకున్నాడు.

పదకొండున్నరకు ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.