చేతి బిగింపు

"ఆయిల్ మార్చండి. ఆ ఫిల్టర్ జోలికి మాత్రం వెళ్ళకండి," అంది కూతురు.

కారు కింద వెల్లకిలా పడుకున్న అల్లుడి చేతిలో స్పానర్ ఆగిపోయింది. బయటికి కనిపిస్తున్నవి అతని కాళ్ళు మాత్రమే. ఆ కాళ్ళే ఏమిటన్నట్టు కదిలాయి.

"కొత్త ఆయిల్ పోసి పాత ఫిల్టర్ ఉంచాలా? స్నానం చేసొచ్చి మాసిన చొక్కా తొడుక్కున్నట్టుంటుంది."

"ఉండనివ్వండి."

"ఆ మడ్డంతా మళ్ళీ ఇంజన్లోకే పోతుందే బాబూ! మార్చాల్సిన గడువు దాటి ఎన్నాళ్ళయిందో. రేపు ఇంజన్ పట్టేసిందనుకో, కారు తీసుకెళ్ళి పాత ఇనుము కింద అమ్ముకోవాలి. అప్పుడు నీ ఫిల్టరూ ఉండదు, మీ నాన్న కారూ ఉండదు."

షెడ్డు గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న తల్లి తలెత్తి చూసింది. ఏదో అనబోయి, మళ్ళీ కాయల్లో పడింది.

ఆ కారుకి ఆయిల్ మార్చడం ఆ ఇంట్లో తండ్రి పని. మెకానిక్‌ని గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. ఫిల్టర్‌కి పనిముట్టు తగలనిచ్చేవాడు కాదు. "దీనికి చేతి బిగింపు చాలు" అనేవాడు గొప్పగా. కిందటిసారి మార్చిన ఆయిల్ నల్లబడేలోపే ఆయన వెళ్ళిపోయాడు. ఆయన చొక్కాలు ఎవరెవరికో ఇచ్చేశారు. మంచం జాగా మారింది. కుర్చీలో ఇప్పుడు ఎవరు పడితే వాళ్ళు కూర్చుంటున్నారు. ఆయన బిగించింది బిగించినట్టే మిగిలింది కారు అడుగున ఉన్న ఆ చిన్న రేకు డబ్బా ఒక్కటే.

అల్లుడు ఇంజన్ అడుగు బోల్టు విప్పాడు. వెచ్చటి ఆయిల్ నల్లటి తాడులా బేసిన్లోకి దిగింది. అతను పాక్కుంటూ బయటికి వచ్చాడు, మోచేతులనిండా మసి. భార్య ముఖం చూసేసరికి, నాలుక చివరిదాకా వచ్చిన హాస్యం లోపలికే వెళ్ళిపోయింది.

"పోనీ నువ్వే విప్పు. నీ చేత్తో అయితే మీ నాన్న ఏమీ అనుకోడు."

ఆమె జడ ముడేసుకుని, గోనెసంచి మీద పడుకుని, కారు కిందికి జరిగింది. ఫిల్టర్ చుట్టూ వేళ్ళు వేసింది. నాన్న బొటనవేలు ఇక్కడ ఆని ఉంటుంది, చిటికెనవేలు ఇక్కడ. కళ్ళు మూసుకుని తిప్పింది. కదల్లేదు. పళ్ళు బిగించి తిప్పింది. వేళ్ళు జారిపోయాయి.

"రావట్లేదండీ," అంది కింద నుంచి. ఆ గొంతులో బాధ కంటే సంబరమే ఎక్కువగా ఉంది. "నాన్న వదలట్లేదు."

"నేను వదిలిస్తాగా. పెద్ద స్క్రూడ్రైవర్‌తో అడ్డంగా ఒక్క పోటు పొడిచి తిప్పితే అదే వస్తుంది."

"పొడుస్తారా? మీకు చేతులెలా వస్తాయండీ!"

"నేను పొడిచేది మీ నాన్నని కాదే, ఫిల్టర్‌ని!"

ఆమెకి నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఏడ్చేసింది. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకుంది. ముఖమంతా నల్లటి చారికలు.

"ఇదీ పోతే ఇంక నాన్న చెయ్యి ఎక్కడుంటుందమ్మా?" అంది, కనిపించని తల్లితో.

చిక్కుడుకాయల పళ్ళెం కింద పెట్టిన చప్పుడైంది. తల్లి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు కడిగేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లౌజులు తొడుక్కుని వచ్చింది.

"అత్తయ్యా, మీకెందుకండీ!" అల్లుడు కంగారుపడ్డాడు. "బట్టలు పాడైపోతాయి."

"బట్టలు ఉతుక్కుంటాను బాబూ. ఆ కొత్త ఫిల్టర్ ఇటివ్వండి. జరగవే పిల్లా, ఇల్లంతా నీదే అయినట్టు పడుకున్నావు."

మోకాళ్ళు టకటకమంటుంటే ఆవిడ నడుం వాల్చి, కూతురి పక్కకి చేరింది. పైకి తేరిపార చూడనైనా చూడలేదు. చెయ్యి తిన్నగా ఫిల్టర్ దగ్గరికే వెళ్ళింది. రబ్బరు వేళ్ళు గట్టిగా పట్టుకుని ఒక్క మెలిక తిప్పాయి. కిర్రుమంది. ఇంకో మెలికకి ఊడి చేతిలోకి వచ్చింది.

కూతురు గుడ్లప్పగించి చూస్తోంది. తల్లి పాత ఫిల్టర్‌ని బేసిన్లోకి ఒంపింది. అది ఉన్న చోట గుడ్డతో తుడిచి, పాత రబ్బరు రింగు అక్కడే అతుక్కుని ఉండిపోలేదు కదా అని వేలితో తడిమింది. గ్లౌజు తీసేసి, కొత్త ఆయిల్లో వేలు ముంచి, కొత్త ఫిల్టర్ రింగుకి చుట్టూ రాసింది, పసిపిల్లకి నూనె రాసినట్టు.

"అమ్మా... ఇవన్నీ నీకెలా తెలుసు?"

తల్లి కొత్త ఫిల్టర్‌ని మరలో కూర్చోబెట్టి, ఆగేదాకా తిప్పి, అక్కడ చెయ్యి నిలిపింది.

"నీ చెయ్యి తెచ్చి నా చేతి మీద వెయ్యి. బలం పెట్టకు. ఊరికే వేసి ఉంచు."

కూతురు వేసింది. ఆ చేతి కింద తల్లి చెయ్యి మెల్లగా బిగిసింది.

"కిందటిసారీ ఇంతేనమ్మా. బిగించింది నేను. వేళ్ళల్లో పట్టులేక, మీ నాన్న ఇలా నా చేతి మీద చెయ్యేసి పడుకున్నాడంతే... నీకు చెప్పనని ఒట్టేయించుకుని."