ఇద్దరు కుర్రాళ్లు

నవలలకు అనుమతులిచ్చే అధికారి రాతప్రతి మూసి కుర్చీ చూపించాడు. రచయిత్రి కూర్చోలేదు. తమ ఊరికున్నట్టే ఊరి చుట్టూ గోడ, గోడకి ఒకే ఒక్క గేటు, ఆ గోడని పడగొట్టే పద్దెనిమిదేళ్ల పిల్ల. మూడేళ్లు కూర్చుని రాసిన నవల అది.

“ఒక్క వాక్యం కొట్టేసినా ఊరుకోను,” అంది.

“ఎందుకు కొట్టేస్తానమ్మా? గోడా గేటూ అలాగే ఉండనీండి. ఈ పిల్లకి ప్రేమా దోమా లేదేంటి? ఇద్దరు కుర్రాళ్లని పెట్టండి. చిన్నప్పటి స్నేహితుడొకడు, తుపాకీ పట్టినవాడొకడు. చివరికి ఎవరి చెయ్యి పట్టుకుంటుందో పదో పేజీకే తెలిసిపోవాలి.”

“అలాంటి చెత్త ఇప్పటికే బోలెడుంది.”

“వాటన్నిటి మీదా సంతకం నాదే.”

ఆమె పళ్లు నూరుకుంటూనే ఇద్దర్నీ రాసింది. సంతకం పడింది.

పుస్తకం వచ్చిన నెలకి, పని ముగించుకుని వస్తూ ఆమె తమ ఊరి గోడకున్న ఆ ఒక్క గేటు దగ్గర తనిఖీ వరసలో నిలబడింది. ముందు ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, చేతుల్లో ఆమె నవలే.

“చిన్నప్పటివాడే బంగారం. తుపాకీవాడికి పొగరెక్కువే.”

“నీ మొహం. వాడొట్టి పప్పుసుద్ద.”

కాపలావాడు చేతులెత్తమన్నాడు. ఇద్దరూ ఎత్తారు. వాడు సంచులూ జేబులూ తడుముతున్నంతసేపూ కుర్రాళ్ల గురించే పోట్లాడుకున్నారు.